చుక్కలా, ముద్దా

సంగం దాటగానే నా సెల్‌ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ ఒక్కసారిగా పోయాయి. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఫోన్‌ని పైకెత్తి పట్టుకున్నాను. పక్కన నిమ్మకాయల గంప కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నామె కాసేపు చూసి, "పిట్టలకేమన్నా గింజలు ఏస్తా ఉండావా మే?" అని అడిగింది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు ఆమె వైపు ఎలా చూశానో, గంప తీసుకుని ముందు సీటులోకి వెళ్లిపోయింది.

తొంభైల చివరి సంగతి. సెల్‌ఫోన్ పట్టుకున్న మనిషిని జనం ఇంకా తిరిగి చూసే రోజులు. నేను మద్రాసులో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే డాక్టరు చదువు ముగించి, ఎక్స్‌రేలూ స్కాన్‌లూ చదవడం నేర్పే కోర్సులో చేరి ఏడాది కాలేదు. మా అమ్మది ఉదయగిరి. అమ్మ పోయి అప్పటికి కొన్నేళ్లు. ఆమె గొంతూ, ఆమె తిట్టే తీరూ నాకు వాళ్లమ్మ దగ్గరే మిగిలాయి. నా అవ్వ దగ్గర. ఉదయగిరి కొండ కింద, తమ్ముడు, అంటే మా చిన్నతాత ఇంటి పక్కనే, మేకల్ని పెట్టుకుని ఉండేది. సెలవులకు వెళ్తే గడపలో కాలు పెట్టకముందే, "ఎముకలకు తోలు కప్పుకోని వచ్చినావే, మద్రాసులో బియ్యం దొరకవా?" అనేది.

కంటి పరీక్షకని మా మామ ఆమెను నెల్లూరు తీసుకెళ్లాడు. మామ అంటే అవ్వ కొడుకు, ఆత్మకూరులో స్కూలు టీచరు. కంటి డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్న అవ్వ చేతిలోంచి కళ్లద్దాలు జారిపోయాయి. కుడి చెయ్యి పైకి లేవలేదు, నోట్లోంచి మాట రాలేదు. అదే రోడ్డులో స్కానున్న పెద్దాసుపత్రి ఉండబట్టి సరిపోయింది. మెదడుకు రక్తం తీసుకెళ్లే గొట్టంలో గడ్డ అడ్డుపడిందన్నారు. తలలో రక్తం కారలేదని స్కానులో చూసుకుని, వెంటనే గడ్డ కరిగించే మందు ఎక్కించారు. ఆ మందు గంటల్లోనే పడాలి. ఉదయగిరిలో వచ్చుంటే దాని మాటే ఉండేది కాదు.

మర్నాడు మళ్లీ స్కాన్ తీశారు. ఆ మందు పడ్డవాళ్లందరికీ తీస్తారు, రక్తం కారిందేమో చూడటానికి. దాని తర్వాతే మామ ఎస్‌టీడీ బూత్ నుంచి నా సెల్‌కి ఫోన్ చేశాడు.

"పాపా, నిన్న సాయంత్రం అవ్వ కాలు కొంచెం కదిలిచ్చింది. ఈ పొద్దు స్కాన్‌లో తెల్లగా వచ్చిందంట. రక్తమని జెప్పినారు. ఇంక అవ్వను ఇంటికి తెచ్చేస్తా ఉండా."

"ఎంత తెల్లగా? ఎక్కడ?"

"తెల్లగానే. తెలుపులో ఎంతేంది మళ్లా?"

నేను అరిచాను. ఆసుపత్రిలోంచి కదిలించొద్దన్నాను, ఎవరు చెప్పారు నీకు తీసుకెళ్లమని అన్నాను. డాక్టరు, "రక్తం కనబడుతోంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం," అన్నాడట. మామ ఆ మాటను మా వైపు వాళ్లు అర్థం చేసుకునేలాగే చేసుకున్నాడు. మా వైపు డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడంటే అంతా చెప్పేసినట్టే. ఆ తర్వాత మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండకూడదు, ఇంటికి చేరాలి.

రైల్లో నెల్లూరు, అక్కడి నుంచి బస్సు. దారంతా నన్ను పట్టుకున్న భయం స్కానుది కాదు, పాలది.

మావాళ్లు ముత్తాతల కాలం నుంచి బాప్టిస్టు క్రైస్తవులు. పాత అలవాట్లు చాలా వదిలేశారు గానీ ఒకటి వదల్లేదు. మనిషి ఆఖరి స్థితిలో ఉందంటే సొంతవాళ్లంతా వరసగా వచ్చి, తలా ఒక స్పూను పాలు నోట్లో పోస్తారు. ఉదయగిరిలో చెక్కే కొయ్య స్పూనుతోనే పోయాలి. స్టీలుదైతే పెదాలకు చల్లగా తగులుతుందని. అమ్మకు నేను కూడా పోశాను. కానీ పక్షవాతం వచ్చిన మనిషికి గొంతు మాట వినదు. పోసినవి కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. వీధంతా ప్రేమగా వచ్చి తలా ఒక స్పూను పోస్తే చాలు, గడ్డతో పనిలేదు, రక్తంతో పనిలేదు. అవ్వ పాలతోనే పోతుంది.

ఉదయగిరి దారిలోనే ఉన్న ఆత్మకూరులో, మామ ఇంటి ముందు గదిలో, నులక మంచం మీద ఉంది అవ్వ. మూతి ఒక పక్కకు లాగింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను ఇటు వస్తే ఇటు, అటు వెళ్తే అటు తిరిగాయి. ఎడమ చేత్తో నా చేతిని పట్టుకుంది. గట్టి పట్టు. ఏదో చెప్పబోయింది, "త... త..." అని ఆగిపోయి, తన నోటిని తనే విసుక్కున్నట్టు కళ్లు మూసుకుంది.

మంచం పక్కన స్టూలు మీద పాల గ్లాసు. దాని మీద కొయ్య స్పూను.

"ఎవరన్నా పోశారా?"

"ఇంకా లేదు మే," అంది అత్త. "ఉదయగిరికి పొయ్యినాక చిన్నతాత మొదలుపెట్టాలంట. దారిలో ఏమన్నా అయితే ఉంటాదని పెట్టినా. వ్యాన్‌కి చెప్పినాం, వస్తా ఉండాది."

గ్లాసు తీసుకెళ్లి వంటింటి తూములో పారబోశాను. స్పూను కూడా విసరబోయాను. అత్త నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, "అది మీ అమ్మకి పోసింది," అని కొంగులో దోపుకుంది.

"ఫిల్మ్ ఏది మామా?"

మామ బీరువా మీది నుంచి పెద్ద కవరు తీశాడు. కిటికీ దగ్గర నిలబడి ఫిల్మ్‌ని వెలుతురుకి పట్టాడు. తలను అడ్డంగా పలకలు పలకలుగా కోసినట్టు వరసగా బొమ్మలు.

"ఇదిగో, కుడి పక్కన ఉండాది. కుడి చెయ్యే గదా పడిపోయింది. సరిపోయింది."

"మామా, ఫిల్మ్‌లో కుడి అంటే అవ్వకి ఎడమ. కాళ్ల వైపు నిలబడి చూస్తున్నట్టు తీస్తారు."

"అయితే తప్పు ఫిల్మ్ ఇచ్చినారా? ఆమెకు పోయింది కుడి చెయ్యి మే!"

"ఎడమ మెదడే కుడి చేతిని నడుపుతుంది."

మామ ఫిల్మ్‌ని, నన్ను, అవ్వను మార్చి మార్చి చూశాడు. "రెండుసార్లు తిప్పి మళ్లా మొదటికే తెచ్చినావు గదా. నేను చెప్పిందేంది మరి?"

నేను ఫిల్మ్ లాక్కున్నాను. ఎడమ మెదడులో ఒక చోట బూడిద రంగు నల్లబడింది. రక్తం అందక దెబ్బతిన్న భాగం అది. దాని లోపల తెల్లగా, సన్నగా, బూడిద మీద ఉప్పు రాలినట్టు కొన్ని మచ్చలు. ఇలాంటి ఫిల్ములు నేను చూసినవి తక్కువ. చూసినప్పుడల్లా పక్కన మా సార్ ఉండేవారు. నేను చెప్పింది తప్పయితే ఆయన దిద్దేవారు, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఇక్కడ వ్యాన్ వస్తోంది.

సెల్‌ఫోన్ తీసి చూశాను. గీత లేదు. మేడ మెట్లెక్కాను, లేదు. నీళ్ల ట్యాంకు మీదకు ఎక్కబోతే మామ కింది నుంచి అరిచాడు, "దాంతో ఏం గాదు, దిగు మే! బస్టాండు కాడ బూత్ ఉండాది. వ్యాన్‌ని నేను ఆపుతాలే, పో!"

ఆ బూత్ అద్దాల పెట్టె. లోపల ఫోనూ, ఒక మనిషికి చోటూ. బయట వరస. నా ముఖం చూసో, చేతిలో తలకాయ ఫిల్మ్ చూసో, వరసలో వాళ్లు దారి ఇచ్చారు. సార్ దొరికారు, సంగతంతా చెప్పాను. ఆయనది తమిళం. మేం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం గానీ నాకు ఆ మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

"చుక్కలా, ముద్దా?" అన్నారు.

"చుక్కలే అనుకుంటా సార్."

"అనుకోవద్దు. చూసి చెప్పు."

రిసీవర్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులతో ఫిల్మ్‌ని బూత్ అద్దానికి ఆనించాను. అవతల నుంచి పడమటెండ. బొమ్మలన్నీ వెలిగాయి. సరిగ్గా నాకు కావలసిన బొమ్మ వెనక ఎవరిదో తల వచ్చి అడ్డం నిలబడింది.

"తల తియ్యండి!" అని అరిచాను.

"ఏ తల మ్మా, నాదా, ఫోటోలోదా?" అన్నాడాయన, పక్కకు జరుగుతూ.

"చుక్కలే సార్. విడివిడిగా ఉన్నాయి. నల్లబడిన చోటు లోపలే ఉన్నాయి, దాటి బయటకు రాలేదు."

"మధ్య గీత?"

మెదడు రెండు సగాల మధ్య గీత పక్కకు జరిగిందంటే లోపల ఏదో తోస్తోందని అర్థం. స్కేలు లేదు. సెల్‌ఫోన్ అంచుని ఆ గీత మీద పెట్టి చూశాను. సంగం దాటాక ఆ ఫోన్ చేసిన పని అదొక్కటే.

"నిలువుగానే ఉంది సార్."

"నీళ్ల గదులు?" మెదడు లోపల నీరుండే ఖాళీలు అవి, వాపొస్తే నొక్కుకుపోతాయి.

"రెండూ ఉన్నాయి. ఎడమది రవ్వంత నొక్కుకున్నట్టుంది. రవ్వంతే."

బూత్ మీటరు టిక్కుటిక్కుమంటోంది.

"విను. రక్తం ముద్దగా కడితే మెదడును తోస్తుంది, మనిషి మత్తులోకి జారిపోతుంది. నువ్వు చెప్పేది ముద్ద కాదు. మూసుకుపోయిన దారి తెరుచుకుని, దెబ్బతిన్న చోటికి రక్తం తిరిగి వచ్చినప్పుడు అక్కడి సన్న గొట్టాలు ఇలా కొంచెం చెమరుస్తాయి. చాలాసార్లు అది మందు పనిచేసిందనడానికే గుర్తు. మెలకువగా ఉందా?"

"నన్ను చూసి చెయ్యి పట్టుకుంది సార్."

"మరి ఫిల్మ్‌ని ఎందుకు అన్నిసార్లు చూస్తావు? ఆమెను చూడు."

"బతుకుతుందా సార్?"

"అది ఫిల్మ్‌లో ఉండదమ్మా. వాపు ఇంకా పెరగొచ్చు. కాస్త మత్తుగా అనిపించినా నెల్లూరు తీసుకెళ్లి మళ్లీ స్కాన్ తీయించు. నోట్లో మాత్రం ఏమీ పోయనివ్వకు."

నేను బయటికి రాగానే ఇందాకటాయన, "ఇటునుంచి గూడా చుక్కలే మ్మా, నేనూ చూసినా," అన్నాడు. ఆయనకు దండం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు.

నెల్లూరు తిరిగి వెళ్దామంటే మామ ఒప్పుకోలేదు. ఉదయగిరికి నేను ఒప్పుకోలేదు. వ్యాన్ మధ్యలో నిలబడింది. చివరికి మామ వీధి చివరి చిన్న నర్సింగ్ హోమ్‌కి సరేనన్నాడు. అక్కడ ముక్కులోంచి సన్న గొట్టం వేసి దాంతోనే ఆహారం ఇచ్చారు. తల వైపు మంచం ఎత్తారు. నేను పక్కన కూర్చుని మాటిమాటికీ పేరు పెట్టి పిలిచేదాన్ని. మెలకువ తెలుసుకోవడానికి. కాసేపటికి అవ్వ నన్ను ఉరిమి చూడటం మొదలుపెట్టింది. ఆ చూపు కోసమే మళ్లీ పిలిచేదాన్ని.

అవ్వ ఉదయగిరికి రాలేదు కాబట్టి మర్నాడు ఉదయగిరే ఆత్మకూరుకి వచ్చింది. మధ్యాహ్నం బస్సు దిగి చిన్నతాత వచ్చాడు. అవ్వ తమ్ముడు, చర్చిలో డీకను, అంటే సంఘపెద్ద. ఎండకు కాగిన మనిషి, ఉతికిన తెల్ల చొక్కా, గోళ్లలో ఎర్రమన్ను. చేతిలో మూతపెట్టిన పాల క్యాను. తలుపు దగ్గర నేను అడ్డం నిలబడ్డాను.

"జరుగు మే. అక్క మేకపాలు. తెల్లారే పిండుకోని తెచ్చినా."

"పోయకూడదు తాతా. గొంతులోకి పోతే చచ్చిపోతుంది."

"ఎట్టాగూ పొయ్యేదానికే గదా పోసేది!"

"పోదు! ఎవరు చెప్పారు పోతుందని?"

"మీ మామే గదా కబురు పెట్టింది. ఆడ నేల రాయి మే. ఈ పొద్దు చెప్తే రేపటికి గుంత కాదు. అందుకే కబురు తెలిసినప్పుడే గడ్డపారలేయించినా. మీ తాత పక్కనే."

ఫిల్మ్ తీసి ఆయన ముఖం ముందు పెట్టాను. చుక్కలు చూడు, ముద్ద కాదు చూడు, ఈ గీత చూడు అంటూ గొంతు చించుకున్నాను. చిన్నతాత ఫిల్మ్ వంక చూడనే లేదు. నా వంకే చూశాడు.

"అదంతా నాకు తెలీదు. బతుకుద్దా? ఒక్క మాట చెప్పు. నేను పొయ్యి గుంత పూడిపిచ్చేస్తా."

అవుననేస్తే అయిపోయేది. నోటి దాకా వచ్చింది.

"తెలీదు తాతా."

"డాక్టరమ్మవి. తెలీదంటావేంది?"

"తెలీదు కాబట్టే పోయొద్దంటున్నా! పోతుందని తెలిస్తే నేనే పోసేదాన్ని!"

నర్సు తొంగిచూసి వెళ్లిపోయింది. చిన్నతాత క్యాను కింద పెట్టాడు. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు.

"మా నాయనకి నేనే పోసినా," అన్నాడు. గొంతు తగ్గిపోయింది. "మా అమ్మకీ నేనే. మీ తాతకీ నేనే. నన్ను సంకనేసుకోని సాకింది అక్క. ఆమె పెదాలు ఎండిపోయి పోతే నేను ఎట్టా బతికేది మే?"

అవ్వ పెదాలు నిజంగానే ఎండి ఉన్నాయి. నేను నిన్నటి నుంచి మెలకువ చూశాను, ఊపిరి చూశాను, గొట్టం చూశాను. పెదాలు చూడలేదు.

నర్సును అడిగి శుభ్రమైన గుడ్డపీలిక తెచ్చాను. "ముంచి, గట్టిగా పిండేసి, పైపైన తడుపు తాతా. చుక్క కూడా లోపలికి పోకూడదు."

ఆయన క్యాను మూత తీసి, పీలిక ముంచి, చివరి చుక్క పడేదాకా పిండాడు. గడ్డపార పట్టిన ఆ చేతులు అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. కింది పెదవి తడిపాడు. పై పెదవి తడిపాడు. మూతి లాగిన పక్కన ఇంకోసారి. ఆయన పెదాలు లోపల్లోపల ప్రార్థన చేస్తున్నాయి.

అవ్వ నాలుక కొంచెం బయటికి వచ్చింది. పెదవిని నాకింది. ముఖమంతా ముడతలు పడింది. తమ్ముడి వైపు తేరి చూసింది.

"సన్నాసోడా," అంది.

ముద్దముద్దగా, కానీ పూర్తిగా. చిన్నతాత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మామ వంగి క్యాను వాసన చూసి, తన మేనమామ చిన్నతాత వైపు తిరిగాడు.

"మామా, పాలు ఇరిగిపొయ్యినాయి! ఎండలో బస్సులో తెస్తే ఉంటాయా?"

పక్షవాతంలో మాట పోయినవాళ్లకు కూడా తిట్లూ ప్రార్థనలూ ముందుగా తిరిగి రావచ్చని, అది చూసి మొత్తం మాట వచ్చేసిందనుకోకూడదని నేను చదువుకున్నదాన్నే. ఆ క్షణంలో అదేమీ గుర్తు రాలేదు. మద్రాసులో బియ్యం దొరకవా అని అడిగిన గొంతే అది. నేను ఏడుస్తున్నాను. చిన్నతాత ఏడుస్తూనే నవ్వుతున్నాడు, "తిట్టు అక్కా, ఇంకోసారి తిట్టు," అంటూ. అవ్వ ఇంకోసారి తిట్టలేదు. అలిసిపోయి నిద్రపోయింది. నేను భయపడి లేపాను. ఉరిమి చూసింది. మళ్లీ నిద్రపోనిచ్చాను.

వాపు పెరగాల్సిన రోజులు దాటాక మామే వ్యాన్ మాట్లాడి నెల్లూరులో మళ్లీ స్కాన్ తీయించాడు. నల్లటి చోటు అలాగే ఉంది. ఉప్పు మసకబారింది. మధ్య గీత నిలువుగానే ఉంది. ఈసారి మామ ఫిల్మ్‌ని సరిగ్గా పట్టుకుని, "ఇది ఎడమ," అని నాకే చూపించాడు.

ఉదయగిరికి అవ్వను తీసుకెళ్లింది మాత్రం వేసవి తగ్గాకే. ఒక చేత్తో కర్ర, రెండో పక్క నేను. కుడి కాలు ఈడ్చేది. మాటలు వెతుక్కుని, ఒక్కొక్కటే తెచ్చి పెట్టేది. ఇంట్లోకి పోకుండా, "గుంత," అంది. వద్దన్నా వినలేదు. కొండ కింద, తాత సమాధి పక్కన, రాతిని పగలగొట్టి తవ్వింది అలాగే ఉంది. ఖాళీ గుంతను పూడ్చాలంటే లోపల ఏదో ఒకటి పెట్టి పూడ్చాలని కొందరు, అక్కర్లేదని కొందరు. ఏదీ తేలక అలా వదిలేశారు. అవ్వ అంచున నిలబడి చాలాసేపు చూసింది.

"ఇంత... చిన్నదా?"

"రాయి అక్కా," అన్నాడు చిన్నతాత, తల గోక్కుంటూ. "ఇంకో రెండు రోజులు టైమిచ్చుంటే పెద్దది చేసేవాళ్లం."

"కాళ్లు... ముడుసుకోని... పండుకోవాల్నా?"

అందరం నవ్వాం. పూడ్చమంటావా అని మామ అడిగాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. చెరువు వైపు, మేకల వైపు చూపించి, ఒక మాట కోసం వెతికింది. "వాన," అంది చివరికి. "నీళ్లు... తాగుతాయి." రాయిని పగలగొట్టిన శ్రమ ఎందుకు పోగొట్టుకోవాలనే ఆమె లెక్క. ఒక పక్క వాలుగా చేయించారు, మేకలు దిగడానికి.

ఇంటికి వచ్చాక అత్త ఆ కొయ్య స్పూనుని కొంగులోంచి తీసింది. కాచిన మేకపాలు గిన్నెలో పోసి, చిన్నతాత చేతికి ఇచ్చింది. అప్పటికి అవ్వకు మింగడం వచ్చేసింది. చిన్నతాత స్పూను నింపి అవ్వ నోటి దగ్గరికి తెచ్చాడు. అవ్వ నోరు తెరవలేదు. కుడి చెయ్యి ఎత్తింది. అది వణుకుతూ, గాలిలో దారి తప్పుతూ వచ్చి, స్పూను కాడను పట్టుకుంది. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేసింది.

"నువ్వు... నాకు కాదు," అంది తమ్ముడితో. "నేనే... నీకు."

డెబ్బై దాటిన చిన్నతాత బుద్ధిగా నేల మీద కూర్చుని నోరు తెరిచాడు. సగం పాలు ఆయన ఉతికిన చొక్కా మీదే పడ్డాయి. మిగతా సగం లోపలికి పోయాయి.